పచ్చికొయ్య గిన్నె ఎందుకు పగులుతుంది?

మే నెల చివర మా గంపలగూడెం వైపు ఈదురుగాలి లేచిందంటే మామిడితోటల్లో కాయలొక్కటే రాలవు, కొమ్మలు కూడా విరిగి పడతాయి. నేను ఎనిమిదో తరగతికి వెళ్ళబోయే వేసవి సెలవుల్లో అలాంటి గాలికి మా దొడ్లో తొడలావు కొమ్మ ఒకటి విరిగి పడింది. అప్పటికే అమ్మమ్మకి వాతంతో వేళ్ళు వంకరపోయి వుండేవి. నున్నటి స్టీలు గ్లాసు ఆమె చేతిలో నిలిచేది కాదు. మజ్జిగ సగం చీరమీదే పోయేది. పక్కన ఒక పిడి వున్న కొయ్యగిన్నె చేసి ఇస్తే పట్టుకోగలదు కదా అని నాకు తోచింది.

మా వీధి చివర వుండే వడ్రంగి తాతని బతిమాలి ఉలి, కొయ్యసుత్తి తెచ్చుకున్నాను. పచ్చికొయ్య కాబట్టి ఉలి వెన్నలో దిగినట్టు దిగింది. రెండు రోజులు కూచుని గిన్నె తొలిచాను. నా కళ్ళకి అది చాలా అందంగా కనిపించింది. లోపల ఇంకా తడిగా వుంది కాబట్టి త్వరగా ఆరాలని మర్నాడు పొద్దున డాబామీద ఎండలో పెట్టాను. అన్నం తింటూండగా పైనించి 'టప్'మని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే గిన్నె అంచు నుంచి అడుగుదాకా రూపాయి బిళ్ళ దూరేంత బీట!

ఏడుపు మొహంతో గిన్నె తీసుకుని తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీ చేతి తప్పు కాదురా అబ్బాయ్. కొయ్య లోపల ఇంకా వానాకాలమే వుంది. నువ్వు పైన ఎండాకాలం తెచ్చిపెట్టావు. రెండింటికీ ఎలా పొసుగుతుంది?" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమయింది. మిగతా సగం తరవాత చదువుకున్న సైన్సు పుస్తకాల వల్ల తెలిసింది. ఆ రెండు సగాలూ కలిపి ఇప్పుడు మీకు చెబుతాను.

కొయ్యలో నీళ్ళు ఎక్కడ వుంటాయి?

చెట్టు మానులో వేళ్ళ నుంచి ఆకులకి నీళ్ళు పోయే సన్నని గొట్టాలు వుంటాయని మీరు వృక్షశాస్త్రంలో చదివే వుంటారు. వాటినే దారునాళాలు అంటారు. వాటి చుట్టూ పొడుగాటి నారకణాలు వుంటాయి. మొత్తం మీద కొయ్య అంటే గట్టిగా కట్టిన వరిగడ్డి మోపు లాంటిది. ఒక్కొక్క గడ్డిపరకా లోపల బోలుగా వుండే గొట్టం. ఈ మోపులో నీళ్ళు రెండు చోట్ల వుంటాయి. గొట్టాల బోలులో వుండే నీరు ఒకటి. దీన్ని స్వేచ్ఛాజలం అంటారు. గొట్టాల గోడల్లోకి, అంటే కణకవచాల్లోకి ఇంకిపోయి సెల్యులోజుని పట్టుకుని వుండే నీరు రెండోది, ఇది బద్ధజలం.

తడిసిన తువ్వాలు తీసుకోండి. పిండితే నీళ్ళు కారిపోతాయి. ఎంత పిండినా తువ్వాలు ఇంకా చెమ్మగానే వుంటుంది. పిండితే పోయిన నీరు స్వేచ్ఛాజలం లాంటిది. పిండినా పోకుండా దారాల్లో నిలిచిన చెమ్మ బద్ధజలం లాంటిది.

కొయ్యలో తేమ ఎంత వుందో చెప్పటానికి ఒక లెక్క వుంది. పచ్చిగా వున్నప్పటి బరువులో నుంచి పూర్తిగా ఎండినప్పటి బరువు తీసేస్తే నీళ్ళ బరువు వస్తుంది. దాన్ని ఎండుకొయ్య బరువుతో భాగించి నూరుతో హెచ్చించాలి. పచ్చిముక్క 150 గ్రాములు వుండి, ఎండాక 100 గ్రాములయితే తేమ 50 శాతం అన్నమాట. కొన్ని చెట్ల పచ్చికొయ్యలో ఈ అంకె నూరు దాటుతుంది. ఆశ్చర్యపోకండి. అందులో కొయ్య బరువు కన్నా నీళ్ళ బరువే ఎక్కువ అని అర్థం.

కొయ్య ఆరటం మొదలుపెడితే ముందు పోయేది స్వేచ్ఛాజలం. గొట్టాలు ఖాళీ అవుతాయి గాని గోడలు ఇంకా నిండుగా తడిసే వుంటాయి కాబట్టి కొయ్య ఏమాత్రం కుంచించుకుపోదు, బరువు మాత్రం తగ్గుతుంది. తేమ దాదాపు 28, 30 శాతానికి దిగాక స్వేచ్ఛాజలం అయిపోతుంది. దీన్ని తంతు సంతృప్త స్థానం అంటారు. అక్కడి నుంచి గోడల్లోని బద్ధజలం పోవటం మొదలవుతుంది. గోడలు పలచబడతాయి. కొయ్య కుంచించుకుపోవటం, వంగటం, పగలటం, అన్నీ ఈ హద్దు దాటాకనే.

అయితే గిన్నె మొత్తం ఒకేసారి ఈ హద్దు దాటదు. చిక్కంతా ఇక్కడే వుంది.

లోపల వానాకాలం, పైన ఎండాకాలం

మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ చాలా తక్కువ. సాపేక్ష ఆర్ద్రత 30 శాతం వున్న గాలిలో ఎక్కువ కాలం వుంచితే కొయ్యలో తేమ ఆరు శాతం దగ్గరికి దిగి అక్కడ ఆగుతుంది. ముసురుపట్టి గాలిలో ఆర్ద్రత 90 శాతం వుంటే ఇరవై శాతం దగ్గర ఆగుతుంది. వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోయి గట్టిగా తోస్తే గాని తెరుచుకోకపోవటం, వేసవిలో మళ్ళీ వదులు కావటం ఇందుకే. ఎద్దుబళ్ళు బాగా తిరిగిన రోజుల్లో ఎండలకి చక్రాల కొయ్య కుంచించుకుపోయి ఇనపపట్టా వదులయ్యేది. బండివాళ్ళు చక్రాలని చెరువునీళ్ళలో నిలబెట్టి నానబెట్టేవారు. కొయ్య మళ్ళీ ఉబ్బి పట్టా బిగిసేది.

నా గిన్నె సంగతి చూడండి. ఎండలో పెట్టగానే దాని పైపొర రెండు మూడు గంటల్లోనే హద్దు దాటి కుంచించుకుపోబోయింది. లోపలి పొర ఇంకా నిండుగా తడిసి వుంది, అది అంగుళం కూడా జరగనంటుంది. లావుపాటి మనిషికి తడిసి కురచయిన చొక్కా తొడిగినట్టయింది. చొక్కా ఎక్కడో ఒకచోట పిగలక తప్పదు కదా! చెరువు ఎండినప్పుడు అడుగున మట్టి నెర్రెలివ్వటం కూడా ఇలాంటిదే. పైమట్టి ఆరి ముడుచుకుంటుంది, కిందిమట్టి తడిగా వుండి కదలనివ్వదు.

కాబట్టి పగుళ్ళకి మొదటి కారణం తేమ పోవటం కాదు, లోపలా బయటా తేమలో తేడా. పై నుంచి తేమ ఎంత పోతూంటే అంత మేర లోపలి నుంచి వచ్చి చేరేలా చూడగలిగితే కొయ్య ఎంత ఎండినా ఈ రకం పగులు రాదు. ఆరబెట్టటంలో వున్న నేర్పంతా ఈ తేడాని తక్కువగా వుంచటమే.

ఇంకొక సంగతి. గడ్డిమోపులో నీళ్ళు పరకల కోసిన మొనల నుంచి తేలిగ్గా బయటికి వస్తాయి, పరకల పక్కల నుంచి కష్టంగా వస్తాయి. కొయ్య కూడా అంతే. అడ్డంగా కోసిన మొగం నుంచి తేమ పక్కల నుంచి కన్నా పది పదిహేను రెట్లు వేగంగా పోతుంది. అందుకే దుంగకి పగుళ్ళు ఎప్పుడూ రెండు చివరల నుంచే మొదలవుతాయి. కోసిన దుంగల చివరలకి పేడ పూయటం మన పల్లెల్లో పాత అలవాటు. ఇప్పుడు మైనమో, రంగో, జిగురో పూస్తున్నారు. ఏది పూసినా పని ఒక్కటే, చివరల తొందరని ఆపటం.

లెక్క చేస్తే కనిపించే పగులు

ఇంత జాగ్రత్తగా ఆరబెట్టినా గుండ్రటి దుంగ ఒకటి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. ఎందుకంటే రెండో కారణం ఇంకా మిగిలే వుంది. అది దుంగ ఆకారంలోనే దాగి వుంది.

కొయ్య మూడు దిక్కులా ఒకేలా కుంచించుకుపోదు. కణకవచాల్లో సెల్యులోజు పోగులు దాదాపు మాను పొడుగునా పరుచుకుని వుంటాయి. నీరు పోగుల మధ్యకి చేరి వాటిని పక్కలకి నెడుతుంది, పొడుగు మాత్రం పెంచలేదు. అందుకని పచ్చికొయ్య పూర్తిగా ఎండినా పొడుగున తగ్గేది నూటికి ఒక వంతులో చిన్న భాగమే. దవ్వ నుంచి బెరడు వైపు, అంటే వ్యాసార్ధం దిశలో మూడు నుంచి ఆరు శాతం దాకా తగ్గుతుంది. వార్షిక వలయాల వెంట, అంటే చుట్టుకొలత దిశలో ఆరు నుంచి పన్నెండు శాతం దాకా తగ్గుతుంది. చెట్టును బట్టి అంకెలు మారతాయి గాని చాలా చెట్లలో చుట్టుకొలత దిశ సంకోచం వ్యాసార్ధం దిశ సంకోచానికి రెట్టింపు దాకా వుంటుంది. దవ్వ నుంచి బెరడు వైపు సైకిలు చక్రం పుల్లల్లాగా సాగే దారుకిరణాలు ఆ దిశలో సంకోచాన్ని కొంత అడ్డుకోవటం దీనికి ఒక కారణం.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. 20 సెంటీమీటర్ల వ్యాసం వున్న పచ్చిదుంగ నుంచి పలచటి బిళ్ళ కోశామనుకుందాం. దాని చుట్టుకొలత 62.8 సెంటీమీటర్లు. వ్యాసార్ధం దిశలో 4 శాతం, చుట్టుకొలత దిశలో 8 శాతం తగ్గుతుందనుకోండి. ఎండాక వ్యాసార్ధం 10 నుంచి 9.6 సెంటీమీటర్లవుతుంది. అంత వ్యాసార్ధం వున్న వృత్తానికి చుట్టుకొలత 60.3 సెంటీమీటర్లు వుండాలి. కాని అంచు వెంట వున్న కొయ్య 8 శాతం తగ్గి 57.8 సెంటీమీటర్లే మిగిలింది. 2.5 సెంటీమీటర్ల కొయ్య తక్కువ పడింది!

ఆ తక్కువ పడ్డ రెండున్నర సెంటీమీటర్లే బిళ్ళలో బెరడు వైపు వెడల్పుగా, దవ్వ వైపు మొనగా కనిపించే బీట. కోణమానినితో కొలిస్తే పదిహేను డిగ్రీలు వస్తుంది. నిజం దుంగలో కొయ్య కాస్త సాగి సర్దుకుంటుంది, ఒక పెద్ద బీటకి బదులు నాలుగయిదు చిన్నవి కూడా రావచ్చు. అయినా లెక్క తప్పించుకోలేదు. దవ్వని మధ్యలో వుంచుకుని గిన్నె చెక్కితే అది పగలటానికే చెక్కినట్టు.

దుంగని దవ్వ మీదుగా నిలువునా రెండుగా చీల్చామనుకోండి. వలయాలు తెగిపోయాయి. అర్ధవృత్తం 180 డిగ్రీల నుంచి 172 చిల్లరకి ముడుచుకుంటుంది. చదునుగా వున్న చీలిన మొగం మధ్యలో కాస్త ఉబ్బి ఇంటికప్పులా వాలుగా తయారవుతుంది, అంతే. పగలవలసిన అవసరం చాలా వరకు పోయింది. నేను చేసిన అసలు పొరపాటు ఏమిటో ఇప్పుడు మీకు తెలిసిపోయి వుంటుంది. కొమ్మని బిళ్ళలాగా అడ్డంగా కోసి, దవ్వని గిన్నె అడుగు మధ్యలో వుంచి మరీ తొలిచాను.

జపానులో ఇళ్ళకి వాడే కొయ్య స్తంభాల సంగతి ఇక్కడ చెప్పాలి. దవ్వతో సహా చెక్కిన స్తంభం ఎలాగూ పగులుతుందని వాళ్ళకి తెలుసు. అందుకని గోడవైపుకి తిరిగి వుండే ముఖం మీద పైనించి కిందిదాకా దవ్వ వరకు ఒక రంపపు గాటు ముందే పెడతారు. కొయ్య ఎండేటప్పుడు ఆ గాటే వెడల్పవుతుంది, మనుషులకి కనిపించే మూడు ముఖాలూ చెక్కు చెదరకుండా వుంటాయి. పగులుని ఆపలేనప్పుడు దానికి చోటు చూపించారన్నమాట. నాకు చాలా నచ్చిన ఉపాయం ఇది.

కొండపల్లిలో, ఏటికొప్పాకలో, నూజివీడులో

అంత దూరం వెళ్ళకుండానే ఈ సైన్సుని చేతివేళ్ళలో పెట్టుకున్నవాళ్ళు మన దగ్గరా వున్నారు. విజయవాడ దగ్గరి కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి అనే తేలిక కొయ్యతో చేస్తారు. కొయ్యని ముందు సన్నని సెగమీద నెమ్మదిగా కాచి చెమ్మ పోగొడతారు. ఏనుగు అంబారీ బొమ్మ చూడండి. అది ఒక్క దుంగలో చెక్కింది కాదు. కాళ్ళు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. చిన్నచిన్న ముక్కల్లో మూసుకున్న వలయం వుండదు, ముక్క సన్నగా వుంటే లోపలికీ బయటికీ తేమలో తేడా కూడా తక్కువే. అందుకే ఆ బొమ్మలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి.

ఉత్తరాంధ్రలో వరాహనది ఒడ్డున వున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రని ఎండబెట్టి తరిణె మీద తిప్పి బొమ్మలూ, కుంకుమ భరిణెలూ చేస్తారు. తిరుగుతూండగానే లక్కని ఒత్తితే రాపిడి వేడికి కరిగి పూతగా పట్టుకుంటుంది. లక్క మెరుపు కోసమే అనుకుంటాం గాని అది గాలిలో చెమ్మ కొయ్యలోకి వేగంగా పోకుండా, కొయ్యలోది బయటికి రాకుండా అడ్డుపడే తొడుగు కూడా. అక్కడి కళాకారుడు సి.వి. రాజు చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన సహజమైన రంగుల్ని ఈ లక్కలో వాడుకలోకి తెచ్చినందుకు పేరుపొందారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

గిన్నె చెక్కటానికి అన్నిటికన్నా దగ్గరి పని మాత్రం వీణ చెయ్యటం. మా గంపలగూడెం నుంచి తిరువూరు, విస్సన్నపేట దాటి వెళితే వచ్చే నూజివీడు మామిడిపళ్ళతో పాటు వీణలకి కూడా పేరుపడింది. విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి వీణలు కూడా ప్రసిద్ధమే. వీణ కుండ అంటే ఏమిటి? పనసకొయ్యని తొలిచి చేసిన పెద్ద గిన్నే కదా! కుండ, దండి అన్నీ ఒకే దుంగలో మలిచిన దాన్ని ఏకాండి వీణ అంటారు. మన గిన్నె పగిలితే రెండు రోజుల పని పోతుంది. ఏకాండి వీణలో బీట పడితే వారాల పని, ఒక పెద్ద పనసదుంగ రెండూ పోతాయి. అందుకని కొయ్య ఎంపికలోనూ ఆరబెట్టటంలోనూ తొందర పనికిరాదని ఆ పనివాళ్ళకి చిన్నప్పుడే నూరిపోస్తారు.

ఉత్తర ఐరోపాలో రెయిన్‌డీర్లని మేపుకునే సామీ ప్రజలు పూర్వం నుంచీ కొయ్య కప్పులు చేసుకుంటున్నారు. బర్చ్ చెట్టు మాను మీద వచ్చే బుడిపెలతో చేస్తారు వాటిని. బుడిపెలో పోగులు తిన్నగా వుండవు, చిక్కుపడ్డ నూలులా అల్లుకుని వుంటాయి. చీలిక పట్టుకుని పోవటానికి తిన్నటి దారి దొరకదు.

నీరు తీసెయ్యకుండా దాని చోట్లో మరొకటి పెట్టటం ఇంకొక మార్గం. స్వీడన్‌లో 1628లో మునిగిపోయిన వాసా అనే యుద్ధనౌకని 1961లో పైకి తీశారు. మూడు వందల ఏళ్ళు నీళ్ళలో నానిన ఓక్ కొయ్య మామూలుగా ఆరితే ముక్కలుచెక్కలయ్యేది. అందుకని పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థాన్ని నీళ్ళలో కలిపి పదిహేడేళ్ళ పాటు దానిమీద చల్లుతూ వచ్చారు. అది కణకవచాల్లో నీరున్న చోటికి చేరి, నీరు పోయినా గోడలు ముడుచుకోకుండా నిలబెట్టింది. వాసా ఇప్పుడు స్టాక్‌హోమ్ మ్యూజియంలో వుంది.

మళ్ళీ గిన్నె దగ్గరికి

మీరూ ఒక గిన్నె చెయ్యాలనుకుంటే గాలికి పడిన కొమ్మ చూసుకోండి. దీనికోసం చెట్టు నరకవద్దు. మామిడి కొమ్మ బాగుంటుంది. పచ్చిబెరడు సొన మాత్రం ఒంటికి తగలనీయకండి, పొక్కుతుంది. గన్నేరు కొయ్య ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. ఆ చెట్టు నిలువెల్లా విషం. బాడిసె, ఉలి వాడేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన వుండాలి, ఉలి ఎదుట రెండో చెయ్యి వుండకూడదు.

కొమ్మ కనీసం జానెడు లావు వుండాలి. కావలసిన పొడుగు కన్నా రెండు వైపులా నాలుగేళ్ళు ఎక్కువ వుంచి కోసుకోండి, చివరల్లో అప్పటికే కంటికి కనపడని బీటలు పుట్టి వుంటాయి. పని మొదలుపెట్టే రోజున ఆ చివరలు కోసి పారెయ్యండి. తరవాత దవ్వ మీదుగా నిలువునా చీల్చి, దవ్వని ఆనుకుని వున్న వేలెడు మందం చెక్కెయ్యండి. మిగిలిన సగంలో గిన్నె పడుకున్నట్టుగా, అంటే పోగులు పిడి చివర నుంచి ఎదుటి అంచు వైపుకి సాగేలా గీసుకోండి.

తొలవటం ఒకే రోజులో అయిపోతే మంచిది. కాకపోతే రాత్రి గిన్నెని నీళ్ళబక్కెట్లో ముంచి వుంచండి. నీళ్ళలో వున్న కొయ్య పగలదు. పల్లెల్లో దుంగల్ని చెరువులో వేసి వుంచేది పురుగు పట్టకుండానే కాదు, ఇందుకు కూడా.

గోడ మందం గురించి కొంచెం ఆగి చెప్పాలి. చాలామంది గిన్నెలు పగిలేది ఇక్కడే. అంచు సన్నగా, అడుగు దళసరిగా వదిలేస్తే అంచు ముందు ఆరి కుంచించుకుపోతుంది, అడుగు ఇంకా కదలదు. మళ్ళీ అదే పాత తగువు! గోడ, అడుగు అంతటా ఒకే మందం, సుమారు ఒక సెంటీమీటరు వుండేలా చూసుకోండి. వేళ్ళతో లోపలా బయటా పట్టుకుని తడుముతూ పోతే ఎక్కడ లావుందో తెలిసిపోతుంది. పిడి ఎలాగూ లావుగా వుంటుంది కనుక దాన్ని వీలైనంత పలచన చెయ్యండి, పిడి గిన్నెని కలిసే చోట పదునైన మూల లేకుండా గుండ్రంగా తిప్పండి. పోగులు తెగి మొనలు తేలిన రెండు గోడలకీ, అంటే పిడి వైపు గోడకీ దానికి ఎదుటి గోడకీ, బయటివైపు కొవ్వొత్తి మైనం పలచగా రుద్దండి.

ఇక ఆరబెట్టటం. గిన్నె చుట్టూ, లోపలా చెక్కిన పొట్టునే నింపి, మూడు నాలుగు పొరల పాత న్యూస్‌పేపరు చుట్టి, గోనెసంచిలో వేసి, ఎండా ఫాను గాలీ తగలని మూల పెట్టండి. మొదటి వారం రోజూ కాగితం మార్చండి. ఎందుకో చెప్పగలరా? గాలి ఆడక చెమ్మ నిలిచిపోతే బూజు పడుతుంది. మామిడికొయ్య మీద నల్లటి మచ్చలు తొందరగా వస్తాయి. వేగంగా ఆరితే బీట, మరీ నిదానంగా ఆరితే బూజు. ఈ రెండింటి మధ్య సన్నటి దారి మీద నడవాలి. బూజు కనిపిస్తే కాగితం ఒక పొర తగ్గించండి. వెంట్రుకంత బీట కనిపిస్తే అక్కడ తడిబట్ట వేసి, కాగితం ఒక పొర పెంచండి. బీట మూసుకుంటుంది. మూసుకున్నది అతుక్కున్నట్టు కాదు సుమా, పెరగకుండా ఆగింది, అంతే.

కిరాణా త్రాసులోనో స్కూలు లాబొరేటరీ త్రాసులోనో రోజూ తూచి రాసుకోండి. మొదట బరువు గబగబా తగ్గుతుంది, తరవాత నెమ్మదిస్తుంది. వరసగా నాలుగయిదు రోజులు మారకపోతే కొయ్య మీ ఊరి గాలితో రాజీపడినట్టు. దీనికి రెండు వారాలు పట్టవచ్చు, నెల కూడా పట్టవచ్చు. అప్పుడు మైనం గీకేసి, గోడని అర సెంటీమీటరుకి దించి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, గానుగలో తీసిన అవిసెనూనె పట్టించి ఆరనివ్వండి. రంగుల దుకాణంలో అమ్మే కాచిన అవిసెనూనె వద్దు. త్వరగా ఆరటానికి అందులో లోహలవణాలు కలుపుతారు, తాగే గిన్నెకి అది పనికిరాదు. పగుళ్ళలో కొండపల్లి మక్కు నింపితే సరిపోదా అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. బొమ్మకి సరే. మజ్జిగ పోస్తే మక్కు నానిపోతుంది.

మీరే పరీక్షించి చూడండి

గిన్నె చెయ్యటం వీలుకాకపోయినా ఈ ప్రయోగం అందరూ చెయ్యవచ్చు. పచ్చిగా వున్న ఒకే కొమ్మ నుంచి రెండు వేళ్ళ మందం బిళ్ళలు నాలుగు కోయించండి. మొదటిదాన్ని ఎండలో పెట్టండి. రెండోదాన్ని నీడలో పెట్టండి. మూడోదానికి రెండు మొగాలకీ కొవ్వొత్తి మైనం పూసి నీడలో పెట్టండి. నాలుగోదానికి బెరడు నుంచి దవ్వ దాకా ఒక రంపపు గాటు పెట్టి, దాన్నీ నీడలోనే వుంచండి. నాలుగింటినీ రోజూ తూచి, బరువు తగ్గుదలని గ్రాఫు కాగితం మీద గీయండి. ఏది ఏ రోజున ఎన్ని చోట్ల పగిలిందో రాయండి. నాలుగో బిళ్ళ గాటు ఎంత వెడల్పయిందో కోణమానినితో కొలిచి, పైన మనం చేసిన పదిహేను డిగ్రీల లెక్కతో పోల్చండి. ఆ కోణాన్ని బట్టి మీ చెట్టు కొయ్యకి రెండు దిక్కుల సంకోచంలో తేడా ఎంతో వెనక్కి లెక్క కట్టవచ్చు. వేప, మామిడి, తుమ్మ కొమ్మలతో విడివిడిగా చేస్తే ఇంకా బాగుంటుంది.

అన్నీ సరిగ్గా చేసినా అప్పుడప్పుడు ఒక గిన్నె పగులుతుంది. కొమ్మ వంకరగా పెరిగినా, కణుపు వున్నా లోపల ముందే ఒత్తిడి వుంటుంది, దాన్ని మనం చూడలేం.

ఆ వేసవిలో నేను మిగిలిన కొమ్మతో రెండో గిన్నె చెక్కాను. వడ్రంగి తాత దగ్గర కూచుని దవ్వ తీసేసి, పొట్టులో పెట్టి, అమ్మమ్మ మంచం కింద ఇరవై రెండు రోజులు ఉంచాను. రోజుకి రెండుసార్లు సంచి విప్పి చూడబోతే, గాలి తగులుతుందని అమ్మమ్మే తిట్టేది. అది పగల్లేదు. కాని గుండ్రంగా చెక్కిన మూతి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. పోగుల పొడుగున కొలిస్తే మొదటి తొమ్మిది సెంటీమీటర్లూ అలాగే వున్నాయి. అడ్డంగా కొలిస్తే మూడు మిల్లీమీటర్లు తగ్గింది. గుండ్రంగా రాలేదే అని నేను మొహం ముడుచుకుంటే, అమ్మమ్మ మజ్జిగ పోయించుకుని, సన్నబడిన వైపు రెండు అరచేతులతో పట్టుకుని తాగింది. ఈ వైపే పట్టు బాగా దొరుకుతోందంది.